దోమకి జ్వరం రాదా?

బండారులంకలో రత్నం మాట వస్తే ముందు ఆవిడ చేతి పనితనం గురించే చెప్పుకునేవారు. పట్టు కాదు, జరీ కాదు, ఉత్త నూలు చీరలే. అయినా రత్నం నేస్తే అంచు దగ్గర పోగు అటూ ఇటూ జరిగేది కాదు. అమలాపురం నుంచి పనిగట్టుకుని వచ్చి, "రత్నంగారి మగ్గం మీద దిగిన చీర ఉందాండీ?" అని అడిగి పట్టుకెళ్ళేవారు.

పెళ్ళైన కొన్నాళ్ళకే భర్త పోతే రత్నం పుట్టింటికి వచ్చేసింది. ముందుగదిలో గుంట తవ్వించి మగ్గం దింపుకుంది. అన్నయ్య కువైట్‌లో డ్రైవరు, ఎప్పుడో గానీ వచ్చేవాడు కాదు. వదిన చిన్న వయసులోనే కన్నుమూసింది. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు వీరవేణిని పెంచింది రత్నమే.

వేణి చిన్నతనమంతా ఆ మగ్గం పక్కనే గడిచింది. బడి నుంచి రాగానే సంచీ గోడవారకి విసిరి రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టేది. అత్త గుంటలోకి కాళ్ళు దించి, ఒక చేత్తో మగ్గం తాడు లాగుతూ, ఇంకో చేత్తో పోగుని బిగించే పలక కొడుతూ, వేణి చేత ఎక్కాలు చెప్పించేది. పదమూడో ఎక్కం దగ్గర వేణి తడబడితే మగ్గం చప్పుడు ఆగేది. సరిగ్గా చెప్పేక మళ్ళీ మొదలయ్యేది. వీధి మొదట్లో నిలబడి కళ్ళు మూసుకుంటే ఏ చప్పుడు ఏ ఇంటిదో వేణికి తెలిసిపోయేది. ఎదురింటి అబ్బులు బాబాయిది ఎవరో తరుముతున్నట్టు ఉండేది. అత్తది నిదానం, మధ్యమధ్యలో చిన్న విరామం. ఆ విరామంలో ఆవిడ నేసినంత మేర అరచేత్తో నిమిరి చూసుకునేది.

పొద్దున్నే కొబ్బరితోటలో పడుగు దారాలు బారుగా సాగదీసి గంజి పెట్టేవారు. తడి నూలు వాసన, మరిగిన గంజి వాసన, ఆకుల సందుల్లోంచి దారాల మీద పడే ఎండ. హైదరాబాదులో ఎన్నేళ్ళున్నా, వానపడిన సాయంత్రం ఎవరింట్లోనైనా అన్నం వార్చిన వాసన తగిలితే వేణికి ఆ తోటే కళ్ళ ముందుకొస్తుంది.

వేణి అమలాపురంలో డిగ్రీ చదువుతున్న ఏడాది, వానలు తగ్గుముఖం పడుతుండగా చికున్‌గున్యా వచ్చింది. ఆ పేరు అప్పటికి ఎవరికీ నోరు తిరగలేదు. గున్యా జ్వరం అన్నారు. కండెలు నానబెట్టుకోడానికీ వాడకానికీ ప్రతి ఇంట్లోనూ సిమెంటు గాబుల నిండా నీళ్ళు ఉండేవి. తోటల నిండా కొబ్బరి బొండాల డొక్కలు. ఎక్కడ చూసినా తెల్లచారల దోమలు, పట్టపగలే కుట్టేవి. ముందు అబ్బులు పడ్డాడు. తర్వాత ఒక్కో ఇల్లూ పడింది. ఒకరోజు పొద్దున్న వేణికి మెలకువ వచ్చి, ఎందుకొచ్చిందో కాసేపు అర్థం కాలేదు. వీధిలో ఒక్క మగ్గమూ ఆడటం లేదు.

అదే వారంలో రత్నానికీ వచ్చింది. జ్వరం నాలుగు రోజుల్లో దిగిపోయింది గానీ నొప్పులు దిగలేదు. వేళ్ళ కణుపులు వాచిపోయి గ్లాసు పట్టుకోలేకపోయింది. వేణి పక్కన కూర్చుని ముద్దలు కలిపి పెడుతుంటే, రత్నం గోడ మీద వాలిన దోమకేసి కోపంగా చూసింది.

"ఏవే వేణీ, నన్ను కుట్టిన దోమ ఇప్పుడెక్కడుంటుందే?"

"ఎక్కడో ఎగురుతూ ఉంటుంది అత్తా."

"ఎగురుతూనా! దాని ఒంట్లోంచే కదే నాకీ మాయరోగం వచ్చింది. మరి దానికి జ్వరం రాదా? దాని కాళ్ళూ రెక్కలూ పట్టెయ్యవా?"

వేణికి నవ్వొచ్చింది. నోట్లో ముద్దతోనే రత్నం కూడా నవ్వింది. కానీ ఆ మాట వేణిని వదల్లేదు. మర్నాడు కాలేజీలో క్లాసు అయిపోయేక, జువాలజీ చెప్పే ప్రభాకరరావు మాస్టారి వెనకాలే వెళ్ళి అడిగేసింది.

ఆయన చేతులకంటిన సుద్ద దులుపుకుంటూ ఆగేరు.

"దోమ రోగాన్ని మోస్తుందని ఇన్నేళ్ళుగా చెబుతున్నానమ్మా. దానికేమౌతుందో నేనెప్పుడూ ఆలోచించలేదు. నాకు తెలీదు. నువ్వు తెలుసుకుని నాకు చెప్పు."

మాస్టారు 'తెలీదు' అనగా వేణి వినడం అదే మొదటిసారి. ఆ తర్వాత ఆయన ఎక్కడెక్కడివో సైన్సు పత్రికలు తెచ్చి ఇచ్చేవారు. సగం అర్థమయ్యేది కాదు. ఇద్దరూ స్టాఫ్ రూములో కూర్చుని కూడబలుక్కుంటూ చదివేవారు.

వీధిలో నెమ్మదిగా మగ్గాలు మళ్ళీ మొదలయ్యేయి. చాలామందికి నెలలు గడిచేక కీళ్ళ పట్లు వదిలేయి. రత్నానికి వదల్లేదు. కుడిచేతి వేళ్ళు వంకరపోయి, తాడు పట్టుకుంటే పట్టు నిలిచేది కాదు. మందులు వాడింది, నూనెలు రాసింది, ఆసుపత్రులు తిరిగింది. చివరికి మగ్గం మీద సగంలో ఆగిపోయిన చీరని అబ్బులు వచ్చి పూర్తిచేసేడు. నేస్తున్నంతసేపూ రత్నం గుమ్మంలో కూర్చుని చూసింది. చీర దించి చేతికిస్తే, మధ్యలో ఒకచోట తడిమి, "ఇక్కడిదాకా నా చెయ్యిరా అబ్బులూ, ఇక్కణ్నుంచి నీది" అంది.

మగ్గం విప్పేసేరు. గుంట పూడ్చేసేరు. కొన్నాళ్ళు రత్నం ఆ గదిలోకే వెళ్ళలేదు. తర్వాత ఒకరోజు అబ్బులు నేసిన చీరలు నాలుగు మూటగట్టుకుని ముమ్మిడివరం బస్సెక్కింది. సాయంత్రానికి ఖాళీ మూటగుడ్డతో తిరిగొచ్చింది. అప్పట్నుంచీ అదే ఆవిడ పని. ముమ్మిడివరం, కొత్తపేట, రాజోలు, ఎక్కడికెళ్ళినా ఆవిడకి తెలిసిన గుమ్మాలుండేవి. నేసేవాళ్ళ పేరు చెప్పి మరీ చీర అమ్మేది.

వేణి విశాఖపట్నంలో ఎమ్మెస్సీ చదివి, పరిశోధనకి హైదరాబాదు వెళ్ళింది. దోమలూ, వైరస్‌లూ, వాటి మధ్య జరిగే తగువూ, అదే ఆమె పని అయిపోయింది. అత్త ప్రశ్నకి జవాబు అప్పటికే ఎవరెవరో కనిపెట్టేరు. వేణి అది చదివిన సెలవుల్లో ఊరొచ్చి, వంటింట్లో అత్త పక్కన పీట వేసుకుని కూర్చుంది.

"అత్తా, దోమ ఒంట్లోకీ వైరస్ వెళ్తుంది. బతికినన్నాళ్ళూ ఉంటుంది. కానీ దాన్ని పెద్దగా జబ్బు చెయ్యదు."

"అదేం న్యాయమే?"

"మన చేనేత సొసైటీలో డిజైను కాగితం ఉండేది చూడు, దాన్ని చూసే కదా మీరు నేసేది. వైరస్ అంటే దొంగతనంగా లోపలికొచ్చిన కాగితం. మన ఒళ్ళు పొరపాటున దాన్ని చూసి నేసేస్తుంది, వైరస్‌లు పుట్టుకొస్తాయి. దోమ దగ్గర ఒక కత్తెరుంది. అలాంటి కాగితం కనబడితే ముక్కలు చేసేస్తుంది. ఒక ముక్కని దగ్గరుంచుకుని, దాంతో పోల్చి చూస్తూ మిగతావీ వెతికి కత్తిరిస్తుంది. పూర్తిగా పోదు, కానీ ముదరనివ్వదు. ఆర్ఎన్ఏ ఇంటర్‌ఫియరెన్స్ అంటారు."

"మనకి లేదా ఆ కత్తెర?"

"ఉంది. కానీ ఇలాంటి వాటి మీద మన ఒళ్ళు వేరే పద్ధతిలో యుద్ధం చేస్తుంది. జ్వరం, వాపు, నీ నొప్పులు, అన్నీ ఆ యుద్ధం తాలూకువే."

రత్నం కూర తిప్పింది. "గోటి మీద పట్టేంత పురుక్కి ఎంత ఏర్పాటు చేసేడే దేవుడు" అంది.

వేణి అప్పుడే అమలాపురం వెళ్ళి ప్రభాకరరావు మాస్టారికి కూడా చెప్పింది. ఆయన శ్రద్ధగా విని, మళ్ళీ మొదట్నుంచి చెప్పమన్నారు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు గడిచేయి. వేణి తండ్రి కువైట్ నుంచి తిరిగొచ్చి, కొన్నాళ్ళుండి కన్నుమూసేడు. వీధిలో మగ్గాలు పలచబడ్డాయి. పిల్లలు చదువులకీ, మస్కట్‌కీ, దుబాయ్‌కీ వెళ్ళేరు. చికున్‌గున్యా మాట వెనకబడి, ఇప్పుడు ఏటా వానాకాలానికి డెంగ్యూ వస్తోంది. హైదరాబాదులో వేణి బృందం దోమ దగ్గరున్న కత్తెరని దోమ మీదకే తిప్పే పనిలో ఉంది. రొట్టెల్లో వేసే ఈస్టుకి, దోమ పిల్ల బతకడానికి తప్పనిసరైన ఒక జన్యువు తాలూకు ఆర్ఎన్ఏని దొంగకాగితంలా తయారుచెయ్యడం నేర్పేరు. ఆ ఈస్టుని చంపి ఎండబెట్టి బిళ్ళలు కట్టేరు. నీళ్ళలో ఉన్న దోమ పిల్లలు వాటిని తింటాయి. లోపలి కత్తెర తన సొంత కాగితాన్నే దొంగకాగితం అనుకుని కత్తిరించేస్తుంది. పిల్ల దోమగా మారకుండానే చస్తుంది.

ప్రయోగశాలలో బాగానే పనిచేసింది. ఊళ్ళో చూడాలి. అనుమతుల కోసం ఢిల్లీ చుట్టూ తిరగడంలోనే చాలా కాలం పోయింది. అవి చేతికొచ్చేక, ఏ ఊరని అడిగితే వేణి వెంటనే బండారులంక అంది.

సొసైటీ భవనంలో ఆదివారం మధ్యాహ్నం మీటింగు పెట్టేరు. అబ్బులు ఇప్పుడు సొసైటీ ప్రెసిడెంటు. తెల్లచొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. రత్నం ఆడవాళ్ళ మధ్య గోడకి చేరబడింది. తన ఊరు, తన మనుషులు. అయినా వేణికి ఏ సభలోనూ పట్టనంత చెమట పట్టింది. గోడమీద తెర కట్టి బొమ్మలు చూపించుకుంటూ పోయింది. దోమ, దోమ పిల్ల, గాబు. తర్వాత బొమ్మలో రెండు చేతులు పడ్డాయి. వంకరపోయిన వేళ్ళు, ఉబ్బిన కణుపులు, చాటలో బియ్యం.

"ఇవి మా అత్త చేతులండీ" అంది వేణి. "ఒక్క దోమ కుట్టినందుకు..."

ఎవరో ఆడమనిషి అయ్యయ్యో అంది. అందరూ వెనక్కి తిరిగి రత్నంకేసి చూసేరు. రత్నం లేచి నిలబడింది. కుడిచెయ్యి కొంగులో చుట్టుకుంది. చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచి వెళ్ళిపోయింది.

తర్వాత మీటింగు సాగలేదు. అబ్బులు లేచి, "అమ్మాయ్, ఇవాళ్టికి ఆపుదాం. మేం ఆలోచించుకుని చెబుతాం" అన్నాడు. ఆ గొంతులో వద్దన్న మాటే ఎక్కువ వినిపించింది.

వేణి అత్త చెప్పులు చేత్తో పట్టుకుని ఇంటికొచ్చింది. రత్నం మండువాలో కూర్చుని చీరలు మడతపెడుతోంది. తలెత్తలేదు.

"ఆ ఫోటో ఎప్పుడు తీసేవే?"

"పోయినసారి వచ్చినప్పుడు. నువ్వు బియ్యం ఏరుతుంటే."

"నన్నడిగేవా?"

"లేదు అత్తా."

"ఇంకెక్కడెక్కడ చూపించేవు?"

వేణి అబద్ధం చెప్పలేకపోయింది. "ఢిల్లీలో. బెంగుళూరులో. సింగపూర్‌లో ఓసారి."

రత్నం చేతిలో మడత ఆగింది. "సింగపూర్ దాకా వెళ్ళేయన్నమాట నా చేతులు. నేనిక్కడ కొంగు కప్పుకుని తిరుగుతున్నాను. తెలియని ఇంట్లో మూట విప్పితే ఎడంచేత్తోనే విప్పుతాను, తెలుసా నీకు? నన్ను చూసి జాలిపడి చీర కొనకూడదు. చీర చూసి కొనాలి."

"నేనీ పనిలోకి వచ్చింది నీ వల్లేనని చెప్పాలని..."

"నా వల్లే అయితే, నేసిన చేతులని చెప్పు. ఆ చేతులు ఏం చేసేయో చూపించు. పాడైపోయినవి చూపించి అడుక్కుంటావా?"

వేణి నిలబడ్డచోటే కూలబడిపోయి ఏడ్చింది. ఎన్నో సభల్లో, ఎందరో తెలియని వాళ్ళ ముందు, ఆ బొమ్మ పడగానే హాలు నిశ్శబ్దమైపోయేది. ఆ నిశ్శబ్దం తన పనికి అక్కరకొస్తోందని సంతోషపడింది గానీ, అది ఎవరి మీద పడుతోందో ఒక్కసారీ తలుచుకోలేదు.

రత్నం చేతిలో చీర పక్కన పెట్టింది. "ఊరుకో" అంది. "లేచి ఆ ట్రంకుపెట్టె లాగు."

పెట్టెలో పాతచీరలు. కలరా ఉండల వాసన వేసింది. రత్నం ఒక్కోటీ తీసి ఒళ్ళో పరిచింది. ఇది మీ అమ్మ సీమంతానికి నేసేను, ఆకుపచ్చ కుదరక రెండుసార్లు అద్దకం వేయించేను. ఇది నువ్వు పదో తరగతి పాసైనప్పటిది, నీకు పరికిణీ కుట్టించగా మిగిలింది. ఇదుగో, ఇది వరద వచ్చిన ఏడాది, నీళ్ళు గుంటలోకి వచ్చేస్తుంటే మగ్గం పైకెత్తి కట్టి నేసింది. వేణి మరిచిపోయిన ఎండాకాలాలూ వానలూ అన్నీ ఆ మడతల్లోంచి బయటికొస్తున్నాయి. అట్టడుగున ఒక నేరేడుపండు రంగు చీర ఉంది. సగం దాకా చేత్తో నిమిరి, రత్నం వేణి చెయ్యి పట్టుకుని ఒకచోట ఆన్చింది.

"తెలుస్తోందా?"

వేణి కళ్ళు మూసుకుని తడిమింది. ఒక పక్క మెత్తగా, ఇంకోపక్క కొంచెం బిర్రుగా ఉంది.

"అబ్బులు మంచి పనివాడే. తొందరెక్కువ" అంది రత్నం. "మగ్గం తీసేసేక చాలారోజులు నిద్రలో నా కాళ్ళు ఆడేవే, తొక్కుడు కర్రలు తొక్కుతున్నట్టు. నీకు చెప్పలేదు. పరీక్షలున్నాయి నీకు."

ఇద్దరూ దీపాలు పెట్టే వేళ దాకా ఆ చీరల మధ్యే కూర్చున్నారు. వేణి ఆ ఫోటోని అత్త ముందే చెరిపేసింది. రత్నం చూసి తల ఊపింది.

"మళ్ళీ మీటింగు పెట్టించు. నేను వస్తాను. నేనూ అడగాల్సినవి ఉన్నాయి. మేనకోడలివి కదాని ఊరుకోను."

రెండో మీటింగులో తెర లేదు. వేణి ఒక సీసాలో దోమ పిల్లల్ని, ఇంకో సీసాలో బిళ్ళల్ని బల్ల మీద పెట్టింది. రత్నమే ముందు మొదలెట్టింది, ఎవరో తెలియని ఆఫీసరుని అడిగినట్టు.

"చంటిపిల్లలు ఆ నీళ్ళు తాగితేనండీ?"

"ఈస్టు చచ్చిపోయిందేనండి. దాన్లో ఉన్న సందేశం దోమ జన్యువుకి మాత్రమే సరిపోయేలా ఎంచుకున్నాం, మనిషి జన్యువుల్లో అలాంటిది లేదు. అయినా సరే, తాగే బిందెల్లో వెయ్యం. వాడుకనీళ్ళ గాబుల్లో, తోటల్లోని డొక్కల్లో, అంతే."

"చేపలూ, తేనెటీగలూ?"

"వాటి మీద పరీక్ష చేసేం. ఏమీ కాలేదు. ఇక్కడ కూడా చూస్తూనే ఉంటాం."

"మధ్యలో మాకొద్దంటే?"

"ఎవరు ఎప్పుడు వద్దన్నా ఆ రోజే తీసేస్తామండి. ఎందుకని అడగం."

అప్పుడు అబ్బులు గొంతు సవరించుకున్నాడు. "ఇంతకీ జ్వరాలు పోతాయా అమ్మాయ్?"

"తెలీదు బాబాయ్. దోమ పిల్లలు చస్తాయా లేదా, అంతవరకే ఇప్పుడు చూసేది. జ్వరాలు తగ్గేయో లేదో తేలాలంటే ఇంకా చాలా ఊళ్ళు కావాలి, చాలా ఏళ్ళు కావాలి."

హాలంతా కాసేపు గుసగుసలు. అబ్బులు వెనక్కి తిరిగి అందరి మొహాలూ చూసి, "ఆయ్, మా గాబుతో మొదలెట్టండి మరి" అన్నాడు.

నేతవీధి గాబుల్లోనూ, తోటల్లో నీళ్ళు నిలిచిన బొండాల డొక్కల్లోనూ బిళ్ళలు వేసేరు. పోల్చి చూడ్డానికి, కాలవ పక్కనున్న ఇంకో వీధిలో ఏమీ వెయ్యకుండా దోమ పిల్లల్ని లెక్కపెట్టేరు. ఆ వీధివాళ్ళకీ సంగతంతా చెప్పి ఒప్పించేరు. రత్నం తన అరుగు మీద మైక్రోస్కోపు పెట్టనిచ్చింది. వీధంతా వచ్చి ఒక కన్ను మూసుకుని చూసింది. ప్రభాకరరావు మాస్టారు కబురు తెలిసి అమలాపురం నుంచి ఆటోలో వచ్చేరు. రిటైరై చాలాకాలమైంది, చేతికి కర్ర వచ్చింది. వంగి చాలాసేపు చూసేరు.

"ఏదమ్మా ఆ కత్తెర?" అన్నారు నవ్వుతూ.

"అది దీంట్లో కనబడదండీ."

"కనబడని దాని కోసం ఇంత దూరం వెళ్ళేవన్నమాట. నాకు తెలీదని ఆ రోజు చెప్పేసేను గానీ, ఇంటికెళ్ళి సిగ్గుపడ్డానమ్మా."

"మీరు ఏదో ఒకటి చెప్పేసి ఉంటే నేను అక్కడితో ఆగిపోయేదాన్ని మాస్టారండీ."

ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నారు. రత్నం ఆయనకి కాఫీ తెచ్చి ఇచ్చింది.

అంతా సాఫీగా సాగలేదు. శ్రావణంలో పడ్డ పెద్దవానకి తోటల్లో బొండాల డొక్కలు పొర్లిపోయి, వాటిలో వేసిన బిళ్ళలు కొట్టుకుపోయేయి. మళ్ళీ వేస్తే మళ్ళీ పోయేయి. చివరికి డొక్కల్ని బోర్లించుకోవడం తప్ప దారి లేదని తేలింది. గాబుల్లో మాత్రం పనిచేసింది. నేతవీధిలో దోమ పిల్లలు చాలావరకు దోమలు కాకుండానే చచ్చిపోయేయి. కాలవ వీధిలో ఎప్పట్లాగే ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే అబ్బులు కోడలు కుసుమకి డెంగ్యూ వచ్చింది. అమలాపురం ఆసుపత్రిలో చేర్చేరు. ఆ వార్త విన్న సాయంత్రం కొందరు రత్నం గుమ్మం ముందుకొచ్చేరు.

"బిళ్ళలు వేసేరు కదా, మరి మా వీధిలోనే ఎందుకొచ్చిందమ్మా?" అన్నాడొకాయన, కాస్త గట్టిగానే.

వేణి గుమ్మంలోనే నిలబడింది. "ఆ పిల్లకి ఏ దోమ కుట్టిందో, ఎక్కడ కుట్టిందో నాకు తెలీదండీ. పక్క వీధిలోంచి వచ్చిందేమో, పుట్టింటికి వెళ్ళినప్పుడు కుట్టిందేమో. జ్వరం రాదని నేను ముందూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. మీకు వద్దనిపిస్తే ఇప్పుడే తీసేస్తాను."

వెనకాల అబ్బులు వస్తున్నాడు, ఆసుపత్రి నుంచి తిన్నగా. మొహం వాడిపోయి ఉంది. అందరూ ఆయనకి దారి ఇచ్చేరు. వేణి గుమ్మం దిగి ఎదురెళ్ళింది.

"ప్లేట్‌లెట్లు పెరుగుతున్నాయంట" అన్నాడు అబ్బులు. "పిల్ల కాస్త మజ్జిగ తాగింది." అరుగు మీద కూర్చుని కండువాతో మొహం తుడుచుకున్నాడు. "కోడలి జ్వరానికీ ఈ బిళ్ళలకీ ముడిపెట్టకండి. వేణి చెప్పిందే చేసింది. నా గాబులోవి తియ్యక్కర్లేదు."

ఒకళ్ళిద్దరు తమ ఇళ్ళలో తీసెయ్యమన్నారు. వేణి ఆ సాయంత్రమే వెళ్ళి తీసేసింది. మిగతావాళ్ళు ఉంచుకున్నారు. కుసుమ వారానికి ఇంటికొచ్చింది.

కార్తీకానికి పని పూర్తయింది. ఫలితాలన్నీ వేణి సొసైటీలో మామూలు మాటల్లో చెప్పింది. పనిచేసినవీ, చెయ్యనివీ రెండూ చెప్పింది. కాలవ వీధివాళ్ళు లేచి, "మా వీధికెప్పుడండీ?" అని అడిగేరు. మళ్ళీ అనుమతులు కావాలని, సమయం పడుతుందని చెబితే కొంచెం గొణుక్కున్నారు.

హైదరాబాదు వెళ్ళేముందు ఒకరోజు ఖాళీ దొరికింది. రత్నం కొత్తపేట వెళ్తుంటే వేణి తోడొస్తానంది. మూట తనే మోసింది. ఒక పెద్ద పెంకుటింట్లో కుర్చీలు వేసి కూర్చోబెట్టేరు. ఇంటావిడ వేణికేసి చూసి, "ఎవరండీ ఈవిడ?" అంది.

"మా అమ్మాయండీ" అంది రత్నం మూట ముడి చూసుకుంటూ. "చదువుకుంది."

అంతకుమించి ఏమీ చెప్పలేదు. మేనకోడలని అనలేదు. వేణి, ఇంటావిడ ఇచ్చిన మజ్జిగ తాగుతూ తలవంచుకుని కూర్చుంది. లేకపోతే ఆ ఇంటావిడ ముందు కళ్ళలో నీళ్ళు పెట్టుకునేది.

తిరుగుబస్సు తప్పిపోయింది. ఇంకోటి వచ్చేదాకా స్టాపులో కూర్చోవడం ఎందుకని ఇద్దరూ కాలవ గట్టు మీద నడిచేరు. నీళ్ళ మీద గుర్రపుడెక్క పచ్చగా పరుచుకుని ఉంది. రత్నం మోకాళ్ళు పట్టుకుని, ఓచోట తూము మీద కూర్చుంది.

"మీ అమ్మని చూడ్డానికి ఈ గట్టు మీంచే వెళ్ళేం" అంది ఉన్నట్టుండి. "నేనూ, మీ నాన్నా, మీ తాతగారూ. అప్పుడిక్కడ రోడ్డు లేదు. మీ నాన్న కొత్తచెప్పులు కరిచి చేత్తో పట్టుకుని నడిచేడు. వాళ్ళింటి గుమ్మం దాకా వెళ్ళేక గాని వేసుకోలేదు. మీ అమ్మ కిటికీలోంచి అదంతా చూసేసిందంట."

వేణి ఆ సంగతి ఎప్పుడూ వినలేదు. మూట కిందపెట్టి అత్త పక్కన చోటు చేసుకుని కూర్చుంది.

"తర్వాత?" అంది.

"తర్వాతేముంది, కాఫీలు తెచ్చింది. గ్లాసు ఇస్తూ మీ నాన్న కాళ్ళకేసి చూసి నవ్వింది. మీ తాతగారికి కోపం వచ్చింది, పిల్లకి నవ్వెక్కువని. నేనేమో బయటికొచ్చేక మీ నాన్నతో చెప్పేను, ఈ పిల్లనే చేసుకో అన్నయ్యా, మనింట్లో నవ్వేవాళ్ళు ఎవరూ లేరు అని."